లావా మైదానంలో మేఘం దిగిన పూట

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ ప్రయాణానికి ముందు వేసవంతా నేను కార్లో కూర్చుని అరవడం నేర్చుకున్నాను.

టొరంటో పక్కన ఎటోబికోలో నా ఆఫీసు గిడ్డంగుల మధ్య ఉంటుంది. వెనక పార్కింగ్‌లో చివరి వరసకు మధ్యాహ్నం పూట ఎవరూ రారు. ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి విమానాలు మా కప్పుల మీదుగానే దిగుతాయి. లంచ్ డబ్బా పక్క సీట్లో పెట్టుకుని, అద్దాలన్నీ మూసి, విమానం చప్పుడు దగ్గరపడే దాకా కాచుకుని, అది సరిగ్గా నెత్తి మీదికి వచ్చినప్పుడు నోరు తెరిచేదాన్ని. మొదట్లో గొంతులోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. తర్వాత పిల్లికూన అరుపు లాంటిది వచ్చింది. ఆగస్టు నాటికి విమానం తోడు లేకుండానే "ఆగండి", "ఇటు రండి", "నేనిక్కడున్నాను" అని అద్దాలు అదిరేలా అరవగలిగాను. అరిచాక ఒకసారి చుట్టూ చూసి, పెరుగన్నం తినేసి, లోపలికి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని.

నా గొంతు అలాంటిది మరి. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను "ప్రెజెంట్ టీచర్" అన్నది టీచరుకు వినపడక, బెంచీలో కూర్చుని ఉండగానే ఆబ్సెంట్ పడేది. కెనడా వచ్చి విండ్సర్‌లో చదువుకుంటూ కాఫీ షాపులో చేరితే, ఆర్డర్లు పైకి పిలవలేకపోతున్నానని నన్ను వెనక గిన్నెలు కడిగే చోట వేశారు. అక్కడ హాయిగానే ఉండేది. ఇప్పటికీ ఆఫీసు మీటింగుల్లో నేను మాట్లాడుతుంటే మ్యూట్ తియ్యమంటారు. అది తీసే ఉంటుంది.

వాంకూవర్‌లో ఉండే అక్క, అంటే మా పెద్దమ్మ కూతురు, ఫోన్ చేసి "ఉత్తరాన అగ్నిపర్వతాల పార్కుకు పోతున్నం, వస్తవా?" అని అడిగినప్పుడు నేను ఆలోచించకుండా వస్తానన్నాను. అక్క కాసేపు నమ్మలేదు. కానీ అగ్నిపర్వతాల పుస్తకాలు నేను చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను. వానాకాలంలో మా చెప్పులకు అంటుకుని వదలని నల్లరేగడి మట్టి ఒకప్పటి లావాయేనని తెలిసిన రోజు, ఆ చెప్పులు కడగడానికి మనసు రాలేదు. చల్లారిన లావాను మట్టి కాకముందు ఒకసారి కళ్లారా చూడాలని ఉండేది.

వస్తానన్నాక ఆ పార్కు వాళ్ల జాగ్రత్తల పేజీలన్నీ చదివాను. అక్కడ ఫోన్లు పనిచేయవు. దగ్గర్లో ఊరు లేదు. సాయం రావాలంటే చాలా సేపు పడుతుంది, ఒక్కోసారి మర్నాటికి గానీ రాదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో, రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్లండి. విడిపోకండి. దారి తప్పితే కదలకుండా ఉండి శబ్దం చెయ్యండి. ఎలుగుబంట్లకు మీరు వస్తున్నట్టు తెలిసేలా గట్టిగా మాట్లాడుతూ నడవండి. వీటిలో నాకు చేతకానిది ఒక్కటే. అందుకే ఆ పార్కింగ్ లాట్ సాధన.

రెండో చిక్కు ఇంటి దగ్గర వచ్చింది. నేను రిచ్‌మండ్ హిల్‌లో ఒక బేస్‌మెంట్‌లో అద్దెకుంటాను. పైన ఉండే ఇంటివాళ్లు కడప వైపు వాళ్లు, ఆంటీ, అంకుల్. ఆంటీ మంచి మనిషి, కానీ గడప దాటేవాళ్లను "ఎక్కడికి" అని అడగదు. అలా అడిగితే వెళ్లిన పని చెడుతుందని ఆమె పట్టింపు. మా ఊళ్లోనూ ఉండేది ఆ పట్టింపు. అడగాలనిపిస్తే "దూరమా?" అంటుంది. నేను "దగ్గరే ఆంటీ" అంటాను. అక్కడితో సరి. ఆ ఇంట్లో చేరినప్పటి నుంచీ మా ఇద్దరి మధ్య ఇదే మాట. నా ఆఫీసు ఏ వైపుందో కూడా ఆమెకు తెలియదు.

అటువంటావిడ దగ్గరికి వెళ్లి, "ఆంటీ, మేం శనివారం రాత్రికల్లా మెసేజ్ పెడతాం. ఆదివారం పొద్దున దాకా ఏ కబురూ రాకపోతే నేను పంపే నంబరుకి ఫోన్ చేసి..." అని మొదలుపెట్టాను.

"రాకపోతే ఏందమ్మా, రాకపోతే! పోయే ముందు అట్లాంటి మాటలా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు."

హాల్లోంచి అంకుల్ అందుకున్నారు. "ఇండియాలో కదే వాళ్లు తిరిగేది!"

"వాళ్లకేం వీసా కావాలా? యాడికైనా వస్తారు."

మామూలుగా అయితే నేను నవ్వేసి మెట్లు దిగిపోయేదాన్ని. ఆ రోజు దిగలేదు. గ్యాస్ స్టవ్ పక్కన నిలబడి, పార్కు పేరు, దారి, ట్రక్కు అద్దెకు తీసుకునే చోటు, మేం తిరిగి రావలసిన వేళ, అన్నీ ఆమె తిరగమోత వేస్తుండగానే చెప్పాను. వాట్సాప్‌లో కూడా పంపాను. నా గొంతు ఆవాల చిటపటలో ఎంత వినపడిందో తెలియదు. చివరికి ఆంటీ గరిటె పక్కన పెట్టి, "ఆ మాట నా నోటితో అననమ్మా. చెయ్యాల్సొస్తే మాత్రం చేస్తాలే" అంది. నాకు అది చాలు.

వాంకూవర్ నుంచి అక్క, బావ, నేను చిన్న విమానంలో ఉత్తరాన ఒక టౌన్‌కు వెళ్లి, అక్కడ అద్దె ట్రక్కు తీసుకున్నాం. బావది గుంటూరు. ఆయన నోరు ఆగదు. ట్రక్కు ఎక్కినప్పటి నుంచీ నా మీదే పడ్డాడు.

"ఏం మరదలా, ఎలుగుబంటి వస్తే నువ్వేం చేస్తావు? దానికి మెసేజ్ పెడతావా?"

అక్క నవ్వింది. "దాన్ని ఊకెనే ఏడిపించకు. బేర్ స్ప్రే తీసుకున్నవా అసలు?"

"గుంటూరు కారం డబ్బా ఉండగా బేర్ స్ప్రే దేనికి? ఒక్క గుప్పెడు చల్లితే అలాస్కా దాకా తుమ్ముకుంటూ పోద్ది."

ఎలుగు మీదికొస్తే ముఖాన కొట్టే ఆ కారపు స్ప్రే నేను కొన్నాను. నడుముకు తగిలించుకున్నాను కూడా. గంటల తరబడి కంకర రోడ్డు మీద పోయి, పార్కు ఆఫీసు అనే చిన్న చెక్క గదికి చేరాం. అక్కడున్న అమ్మాయి మ్యాపు పరిచి ఓపిగ్గా చెప్పింది. లావా మీద దారి ఉండదు. దారి గుర్తుగా అక్కడక్కడా రాళ్లు కుప్పగా పేర్చి ఉంటాయి, ఒక కుప్ప దగ్గర నిలబడితే ఇంకొకటి కనబడుతుంది. వాటిని వదిలి పక్కకు వెళ్లొద్దు. పైన గట్టిగా కనబడ్డా కింద డొల్లగా ఉండే చోట్లుంటాయి. మేఘం దిగితే కుప్ప దగ్గరే కూర్చోండి. బావ బుద్ధిగా తలూపాడు. బయటికి రాగానే "ఆ అమ్మాయి అచ్చం మా లెక్కల మాస్టారులా ఉంది" అన్నాడు.

ఆ రాత్రి క్యాంపులో, ఎలుగుబంట్లకు వాసన తగలకుండా, తిండి సామానంతా ఇనప పెట్టెలో పెట్టి తాళం వేయాలి. బావ ఆవకాయ సీసా ఒకటి టెంటులోకి తెచ్చుకోబోయాడు. మూత గట్టిగా ఉందట, పొద్దున్నే రొట్టెలోకి కావాలట.

"వద్దు బావా. పెట్టెలో పెట్టండి" అన్నాను.

"ఓహో! మరదలు నోరు విప్పిందర్రా!" అని ఆయన కేకలు పెట్టాడు గానీ, సీసా పెట్టెలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే నడక మొదలుపెట్టాం. ఆ నేలను ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియడం లేదు. దున్నిన రేగడి చేను ఒక్కసారిగా రాయైపోతే అలా ఉంటుందేమో. నల్లటి పెళ్లలు, మడతలు, పగుళ్లు. అడుగు వేస్తే పెంకులు తొక్కినట్టు చప్పుడు. కొన్ని రాళ్ల మీద తెల్లటి నాచు, బియ్యప్పిండి చల్లినట్టు. ఎక్కడినుంచో ఈలలు. అవి మార్మట్‌లు, పిల్లి కన్నా పెద్దగా, లావుపాటి ఉడతల్లా ఉండే జంతువులు. మమ్మల్ని చూసి ఒకదానికొకటి ఈల వేసుకుంటున్నాయి. బావ వాటికి ఎదురు ఈల వేశాడు. అవి ఊరుకోలేదు, ఆయనా ఊరుకోలేదు. బావ వెంట ఉంటే ఎలుగుబంటికి వేరే హెచ్చరిక అక్కర్లేదు. అందుకని నేను నేర్చుకున్న అరుపు లోపలే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి శంకువులా ఉన్న ఎర్రటి బూడిద కొండ అడుగుకు చేరాం. పైకెక్కితే లోపల గుంట కనబడుతుందని బావ ఉబలాటం. నేను పడమటి వైపు చూశాను. అక్కడి శిఖరాలు పొద్దున ఉన్నాయి, ఇప్పుడు లేవు.

"బావా, మేఘం వస్తోంది. వెనక్కి వెళ్దాం."

"ఇంత దూరం వచ్చి, గడప దగ్గర నుంచి తిరిగిపోతామా? అదిగో పైన, పది నిమిషాలు."

"కాదు. వెళ్దాం."

ఆయన అక్క వైపు చూశాడు. అక్క నా వైపు చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో మరి, "తినేసి వెనక్కి పోదాం. అది ఊకెనే అనదు" అంది. రాళ్ల కుప్ప పక్కన కూర్చుని పులిహోర తిన్నాం. ఆయన గబగబా తినేసి, బ్యాగు, జాకెట్టు అక్కడే వదిలి, ఫోన్ మాత్రం పట్టుకుని లేచాడు.

"బావా, ఎక్కడి..." అనబోయాను. అక్క నా మోకాలి మీద గిల్లింది.

"పోయేటప్పుడు అడగొద్దే. ఆయనకు నచ్చదు." ఆ తర్వాత తనే గొంతు పెంచి, "దూరమా?" అంది.

"ఇక్కడికే" అన్నాడు బావ, వెనక్కి తిరగకుండా. ఒక నల్లటి దిబ్బ వెనక్కి వెళ్లిపోయాడు.

బాత్రూమ్ పని అనుకున్నాం ఇద్దరం. అటువంటప్పుడు ఇంకేం అడుగుతాం?

మేఘం కొండ మీద నుంచి పొంగిన పాలలా దిగింది. ముందు ఎర్ర కొండ పోయింది. తర్వాత దిబ్బ. తర్వాత మాకు ముందున్న రాళ్ల కుప్ప. నేను, అక్క, మేం ఆనుకున్న రాళ్లు మాత్రం మిగిలాం. చలి ఒక్కసారిగా మెడలోకి దూరింది. బావ జాకెట్టు నా పక్కనే ఉంది.

అక్క పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. మార్మట్‌లు కూడా ఈలలు మానేశాయి. అక్క లేచి దిబ్బ ఉండాల్సిన వైపు రెండడుగులు వేసింది. నేను వెనక నుంచి ఆమె మోచేతి పైన పట్టుకున్నాను.

"వదులు."

"వద్దక్కా. ఇక్కడే ఉండాలి."

"పిచ్చి లేసిందా నీకు? ఆయన ఆడ ఉన్నడు. జాకెట్టు కూడ లేదు."

"ఆయన ఎటు వెళ్లాడో మనకు తెలీదు. నువ్వు వెళ్తే ఇద్దరిని వెతకాలి."

"నీ మొగుడైతే ఇట్లనే కూసుంటవా?"

నేను చెయ్యి వదల్లేదు. అక్క నాకన్నా పొడుగు, బలమున్న మనిషి. గుంజుకుంది, తిట్టింది, ఒకసారి నా భుజం మీద కొట్టింది. నేను రెండో చేత్తో కూడా పట్టుకున్నాను. ఆ నేల మీద కాలు ఎక్కడ దిగబడుతుందో కంటికి కనబడినప్పుడే తెలియదు, ఆ తెల్లటి గుడ్డితనంలో ఎలా తెలుస్తుంది? బావ తిరిగి రాకపోతే అక్క నన్ను జన్మలో క్షమించదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. అయినా వదలకూడదనుకున్నాను.

కొంతసేపటికి అక్క రాళ్ల మీద కూలబడింది. అప్పుడు బావ బ్యాగుకు తగిలించి ఉన్న శాటిలైట్ పరికరం తీశాను. మేం అద్దెకు తెచ్చుకున్నది, ఫోన్లు లేని చోట నుంచి సాయం అడగడానికి. దాని మూత ఎత్తి SOS నొక్కాను. నొక్కితే పరువు పోతుందేమో, అంతలోకే బావ నవ్వుతూ వస్తాడేమో అన్న ఆలోచన రాలేదని అనను. వచ్చింది. నొక్కాక వచ్చింది. "ముగ్గురిలో ఒకరు మేఘంలో తప్పిపోయారు" అని రాశాను. కాసేపటికి జవాబు వచ్చింది: మేఘం తొలగే దాకా హెలికాప్టర్ రావడం కుదరదు, మీరిద్దరూ కదలకండి, శబ్దం చేస్తూ ఉండండి. అది అక్కకు చదివి వినిపించాను. ఈసారి ఆమె లేవబోలేదు.

నా బ్యాగు పట్టీకి ఉన్న ఈల అక్కకిచ్చాను. ఆమె మూడేసి సార్లు ఊదింది. నేను లేచి నిలబడి నోరు తెరిచాను.

నెత్తి మీద విమానం లేదు, చుట్టూ అద్దాలు లేవు. మొదటి కేక సగంలో విరిగింది. రెండోది కడుపులోంచి వచ్చింది.

"బావా! ఇటు! ఇక్కడున్నాం! ఇటు రండి!"

అక్క ఈల ఆపి నా వైపు చూసింది. నేను ఆపలేదు. కేక వేసి, ఊపిరి బిగబట్టి విని, మళ్లీ కేక వేశాను. గొంతు బొంగురుపోయింది. బొంగురు గొంతుతోనే అరిచాను. ఎంతసేపో తెలియదు, అక్క నీళ్లు అందిస్తే ఒక గుక్క తాగి మళ్లీ మొదలుపెట్టాను. బావ వచ్చే దాకా, లేదా ఎవరైనా వచ్చి మమ్మల్ని తీసుకెళ్లే దాకా, ఈ అరుపు ఆగకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను.

చాలాసేపటికి మేం అనుకోని వైపు నుంచి, దాదాపు మా వెనక నుంచి, సన్నగా వినిపించింది. "వస్తన్నా! ఆపొద్దు! ఆపొద్దు!"

నేను ఆపలేదు. పెంకుల చప్పుడు దగ్గరైంది. ముందు ఒక బూడిదరంగు నీడ, తర్వాత బావ. అరచెయ్యి కోసుకుపోయి ఉంది. ప్యాంటు మోకాలి దాకా చిరిగి ఉంది. పళ్లు టకటకలాడుతున్నాయి. అక్క ఆయన్ను జాకెట్టులో చుట్టేసి, వీపు మీద నాలుగు చరిచి, ఆ తర్వాత ఏడ్చింది.

దిబ్బ వెనక గుహ నోరు లాంటిది కనబడితే ఫోటో కోసం వెళ్లాడట. నేల విరిగి ఒక కాలు తొడ దాకా లోపలికి దిగింది. ఫోన్ ఆ సందులో పడిపోయింది. కాలు లాక్కుని పైకి వచ్చేసరికి లోకమంతా తెల్లగా ఉంది.

"ఈల వినపడలేదా?" అంది అక్క.

"వినపడింది. మళ్లీ ఆ ఉడతలే అనుకున్నా." ఆయన నా వైపు తిరిగాడు. "తర్వాత ఎవరో పెద్దావిడ అరుస్తున్నట్టు వినిపించింది. ఇక్కడికి ఇంకెవరో వచ్చారు, తెలుగు వాళ్లే, బతికాం అనుకున్నా. నువ్వని దగ్గరికొచ్చే దాకా తెలీలేదు."

నా చేతిలో వెలుగుతున్న పరికరం చూసి, "ఇంత దానికే SOS నొక్కేశావా?" అన్నాడు.

"నోరు మూసుకో" అంది అక్క.

మనిషి దొరికాడని, మామూలు దెబ్బలేనని కబురు పెట్టాను. చెయ్యి కడిగి గుడ్డ చుట్టాం. మేఘం పలచబడి, ముందున్న రాళ్ల కుప్ప కనబడే దాకా అక్కడే కూర్చున్నాం. ఆ తర్వాత నేను ముందు నడిచాను. కుప్ప కనబడితేనే కదలడం, కనబడకపోతే ఆగడం. ఎవరూ ఎదురు చెప్పలేదు. బావ కుంటుతూ మధ్యలో వచ్చాడు, ఒక్క జోకు కూడా వెయ్యలేదు. చీకటి పడకముందే క్యాంపు చేరి, ఆ శాటిలైట్ పరికరం నుంచే ఆంటీకి "చేరాం, క్షేమం" అని పంపాను. ఆవిడ తిరిగి దండం బొమ్మ ఒక్కటి పెట్టింది.

కానీ ఆ రాత్రి అక్క నాతో మాట్లాడలేదు. మర్నాడు కంకర రోడ్డు పొడుగునా మాట్లాడలేదు. చిన్న విమానంలో నాకు దూరంగా కిటికీ వైపు కూర్చుంది. ఆమె కోపం నాకు అర్థమైంది. భర్త కనబడని ఆ కొద్దిసేపట్లో ఆమెకు కావలసింది ఒక్కటే, ఆయన వైపు పరుగెత్తడం. దాన్నే నేను అడ్డుకున్నాను. సారీ చెప్పాలా అని వంద సార్లు ఆలోచించాను. కనీసం నా డైరీలోనైనా ఆ మాట రాద్దామనుకుంటే కలం కదల్లేదు. మళ్లీ అదే మేఘం దిగితే మళ్లీ అదే చేస్తాను కదా, అలాంటప్పుడు దేనికి సారీ చెప్పడం? చెప్పలేదు.

వాంకూవర్ ఎయిర్‌పోర్టులో నేను టొరంటో విమానం ఎక్కాలి. బావ కట్టు కట్టిన చేత్తోనే నా బ్యాగు ట్రాలీ మీద పెట్టి, పార్కింగ్ టికెట్టు సంగతి చూసి వస్తానని వెళ్లాడు. సెక్యూరిటీ వరస మొదట్లో నేను, అక్క మిగిలాం. అక్క తన స్వెట్టర్ చెయ్యి భుజం దాకా పైకి లాగి చూపించింది. మోచేతి పైన నా వేళ్లు పడిన చోట నీలంగా కమిలి ఉంది. అయిదు వేళ్లూ లెక్కపెట్టొచ్చు.

నేను తల దించుకున్నాను. అక్క స్వెట్టర్ కిందికి లాక్కుని, నా బ్యాగు పట్టీ సరిచేసి, నన్ను వరసలోకి నెడుతూ అంది:

"ఇంకా నొస్తుందే. మళ్ల ఎప్పుడన్న ఇట్లయితే, నేను కొట్టినా తిట్టినా సరే, ఇంకింత గట్టిగ పట్టుకో."